గుండ్రంగా ఉన్నదల్లా గుడ్డు కాదు

పోయిన దసరాకు మా గుడిలో, బొమ్మల కొలువు దగ్గర, నేనొక మాట తొందరపడి అనేశాను. దాన్ని సరిదిద్దుకోవడానికి ఉగాది దాకా పట్టింది. ఆ మధ్యలో చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. రెండు మూడు రోజులు పెట్టుకుని చదివినా పరవాలేదు.

మాది డెన్వర్ దగ్గర గుడి. ప్రతి ఏడూ కొలువు పక్కన పిల్లల కోసం ఒక చిన్న బల్ల వేస్తాం. పిల్లలు ఇంటి నుంచి తమకు ఇష్టమైన వస్తువు ఏదైనా తెచ్చి పెట్టవచ్చు. వస్తువు ముందు తెలుగులో ఒక చీటీ ఉండాలి. అది మా నియమం. ఆ చీటీలు రాసే పని నాది. నేను తెలుగు రాయడం నేర్చుకున్నది పెద్దయ్యాకే కాబట్టి నా అక్షరాలు ఇప్పటికీ ఒకటో తరగతి పిల్లల అక్షరాల్లా పెద్దవిగా, విడివిడిగా ఉంటాయి. పిల్లలకు అవే నచ్చుతాయి.

తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు రెండు చేతులతో ఒక రాయిని పట్టుకొచ్చాడు. "ఆంటీ, ఇది డైనోసార్ గుడ్డు. మా తాతయ్య కొనిచ్చారు" అన్నాడు.

రాయి కోడిగుడ్డు కంటే పెద్దది, కొబ్బరికాయ కంటే చిన్నది. గోధుమ రంగు. ఒక కొన కాస్త కోసుగా ఉంది. నున్నగా, బరువుగా ఉంది. గుంటూరు నుంచి తాతయ్య వచ్చినప్పుడు అందరూ కలిసి యూటా వెళ్లారట. దారిలో ఒక రాళ్ల కొట్టులో ఆగారట. కొట్టువాడు ఇది డైనోసార్ గుడ్డని చెబితే, తాతయ్య తన జేబులోని డాలర్లు తీసి మనవడికి కొనిపెట్టారట. ఆ మరుసటి ఏడు ఆయన పోయారు. ఇదంతా వాళ్ల అమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

నేను రాయిని చేతిలోకి తీసుకున్నాను. పిల్లవాడు నా మొహంలోకే చూస్తున్నాడు. "అబ్బో, నిజంగా గుడ్డే!" అన్నాను. చీటీ మీద పెద్ద అక్షరాలతో 'డైనోసార్ గుడ్డు' అని రాసి ముందు పెట్టాను.

తొమ్మిది రోజులూ ఆ బల్ల దగ్గరే జనం. చివరి రోజు కాలేజీలో చదువుకునే అమ్మాయి ఒకతె ఆ రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరికీ వినబడకుండా నన్ను అడిగింది: "ఆంటీ, దీనికి పెంకు ఏది?"

నా దగ్గర జవాబు లేదు.

పెంకు అంటే గుడ్డు పైన ఉండే గట్టి పొర. ఇంటి కప్పు మీద పరిచే ఎర్రటి మట్టి పలకను కూడా పెంకు అంటారు. పెంకుటిల్లు అనే మాట మీరు వినే ఉంటారు. రెండూ లోపల ఉన్నదాన్ని కాపాడేవే. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ముందు గుడ్లు కాని రాళ్ల సంగతి చూద్దాం. భూమి గుడ్డులాంటి రాళ్లను ఎన్ని రకాలుగా చేస్తుందో తెలిస్తే అనుమానించడం అలవాటవుతుంది.

మొదటి రకం నది చేసేది. నీళ్లలో దొర్లి దొర్లి మూలలన్నీ అరిగిపోయి రాయి నున్నగా అవుతుంది. మన గుళ్లలో పూజలో ఉండే బాణలింగాలు అలాంటివే. నర్మదా నదిలో దొరుకుతాయి. చూడడానికి అచ్చం గుడ్డే. నర్మద పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రెండో రకం ఇసుకలో, బురదలో, నేల లోపలే తయారవుతుంది. శాస్త్రవేత్తలు కాంక్రీషన్ అంటారు. నేను రాతి ఉండ అని పేరు పెట్టుకున్నాను. మరమరాల ఉండ ఎలా చేస్తాం? బెల్లం పాకం పట్టి మరమరాలు కలిపితే పాకం గట్టిపడి మరమరాలన్నిటినీ ఒకటిగా పట్టేస్తుంది. నేల లోపల పాకం పని చేసేది నీళ్లలో కరిగిన ఖనిజం. సున్నం కావచ్చు, ఇనుము కావచ్చు. ఒక ఆకు ముక్క చుట్టూనో, గవ్వ చుట్టూనో అది పేరుకుంటుంది. చుట్టూ ఉన్న ఇసుక రేణువులను పట్టి గట్టి ఉండగా చేస్తుంది. తర్వాత వానకు, గాలికి చుట్టుపక్కల మెత్తటి మట్టి కొట్టుకుపోతుంది. ఉండ మిగులుతుంది.

అమెరికాలో ఇలాంటివి చాలా చోట్ల ఉన్నాయి. కాన్సస్ రాష్ట్రంలో మినియాపొలిస్ అనే చిన్న ఊరి దగ్గర రాక్ సిటీ అనే చోటు ఉంది. అక్కడ దాదాపు 200 పెద్ద పెద్ద రాతి ఉండలున్నాయి. కొన్ని ఒక గది అంత ఉంటాయి. నార్త్ డకోటాలో కానన్‌బాల్ నదికి ఆ పేరు ఫిరంగి గుండ్లలాంటి ఈ రాళ్ల వల్లే వచ్చింది. యూటాలో మోకీ మార్బుల్స్ అనే చిన్న చిన్న గుండ్రటి రాళ్లు దొరుకుతాయి. వాటికి పైన నల్లటి ఇనుప పొర ఉంటుంది, లోపల ఇసుకరాయి ఉంటుంది. పైపొర ఉంది కదా, పెంకే అనుకుంటే అక్కడే పప్పులో కాలేస్తాం. సెప్టేరియన్ అనే ఇంకో రకం ఉంది. దానికి లోపల పగుళ్లు వచ్చి, ఆ పగుళ్లలో తెల్లటి, పసుపు రంగు ఖనిజం నిండుతుంది. కోసి మెరుగు పెడితే పగిలిన గుడ్డు పెంకులా కనిపిస్తుంది. కొట్లలో డ్రాగన్ గుడ్లని అమ్మేవి ఇవే.

మూడో రకం హైదరాబాద్ వెళ్లిన వాళ్లందరూ చూసిందే. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండే గుండ్రటి బండలు. అవి గ్రానైట్. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గ్రానైట్ అవుతుంది. అక్కడి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అప్పటికి గుడ్డు పెట్టే ప్రాణే పుట్టలేదు. పైగా కరిగిన రాయిలో గుడ్డు ఎలా మిగులుతుంది? మూలలు ముందు అరిగి ఆ బండలు గుండ్రంగా అయ్యాయి, అంతే.

దీన్నిబట్టి ఒక సూత్రం దొరుకుతుంది. ఒక రాయి గుడ్డా కాదా అని అడిగే ముందు, అది ఏ రాతిలో దొరికిందో అడగాలి. ఇసుక, బురద పొరలుగా పడి గట్టిపడిన రాతిలోనే గుడ్లు మిగులుతాయి. తెలంగాణలో యామన్‌పల్లి దగ్గర అలాంటి రాతిలోనే ఒక డైనోసార్ ఎముకలు దొరికాయి. పి. యాదగిరి అనే శాస్త్రవేత్త 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో దాని అస్థిపంజరం నిలబెట్టారు. ఊరి పక్క బండల్లో ఎంత వెతికినా అలాంటిది దొరకదు.

సరే, ఇక నిజమైన గుడ్ల సంగతి. రాతిగా మారిన పాత ప్రాణి గుర్తును శిలాజం అంటారు. శిల అంటే రాయి, 'జ' అంటే పుట్టినది. గుడ్డు పెంకు మొదటి నుంచీ సున్నపు ఖనిజమే కాబట్టి అది మట్టిలో బాగా నిలుస్తుంది. లోపలి సొన పోతుంది. పగుళ్లలోంచి బురద చేరి గట్టిపడుతుంది. అంటే శిలాజ గుడ్డులో పైది ఒకటి, లోపలిది వేరొకటి. మీద పడిన మట్టి బరువుకు చాలా గుడ్లు నలిగి, చితికి ఉంటాయి. ఎక్కడా చిన్న నెర్రె కూడా లేకుండా నిగనిగలాడే గుడ్డు కనబడితే సంతోషించే ముందు అనుమానించాలి.

ఈ తేడాను మొదట పట్టుకున్న వాళ్లలో ఒకాయన చర్చి ఫాదరీ. పేరు జాన్ జాక్ పుయెష్. ఫ్రాన్స్ దక్షిణ భాగంలో, పిరనీస్ కొండల దగ్గర ఉండేవాడు. 1859లో ఆయనకు వంకర తిరిగిన రాతి ముక్కలు కొన్ని దొరికాయి. ఒక్క గుడ్డు కూడా మొత్తంగా లేదు. అన్నీ ముక్కలే. మొదట అవి ఏదో పెద్ద పాకే జంతువు ఒంటి మీది పలకలేమో అనుకున్నాడు. తర్వాత జాగ్రత్తగా చూశాడు. ప్రతి ముక్క మందం అంతటా ఒకే లెక్క. పై తలం, కింది తలం సమాంతరంగా ఉన్నాయి. పక్క నుంచి చూస్తే సన్నటి పీచులాంటి గీతలు నిలువుగా, లోపలి నుంచి బయటికి ఉన్నాయి. వంపు ఒక పద్ధతిగా ఉంది. ఇవన్నీ కలిపి చూసి, ఇవి గుడ్డు పెంకులే అన్నాడు. నిప్పుకోడి గుడ్డుకు కనీసం నాలుగు రెట్లు పెద్ద గుడ్లు అయ్యుండాలని లెక్క కట్టాడు.

గుడ్లని ఆయన సరిగ్గానే చెప్పాడు. ఎవరి గుడ్లన్నది మాత్రం తప్పాడు. ఏదో మహా పక్షి గుడ్లనుకున్నాడు. కానీ నన్ను ఆశ్చర్యపరిచింది ఇది: ఆయన చేతిలో గుడ్డు ఆకారమే లేదు. గుండ్రంగా ఉన్నది ఒక్కటీ లేదు. ఆకారం చూసి గుడ్డనుకున్న నేను తప్పాను, ఆకారం లేకుండా పెంకును చదివిన ఆయన గెలిచాడు.

అక్షరాలు నేర్చుకునేటప్పుడు మనకూ ఇదే జరుగుతుంది. తెలుగు అక్షరాలన్నీ గుండ్రంగా, ఒకేలా కనిపిస్తాయి. ద, ధ, థ మూడూ నాకు చాలాకాలం ఒకటే అక్షరం. కింద చిన్న గీత ఉంటే ధ. ఆ గీతతో పాటు కడుపులో చుక్క కూడా ఉంటే థ. చుట్టూ ఉన్న వంపు ఏమీ చెప్పదు. చెప్పేదంతా ఆ చుక్కే, ఆ గీతే. గుడ్డు విషయంలోనూ పెద్ద ఆకారం అబద్ధం చెబుతుంది, చిన్న గుర్తు నిజం చెబుతుంది.

1877లో పాల్ జెర్వే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అలాంటి పెంకు ముక్కను వెలుతురు దూరేంత పల్చగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. పక్షుల పెంకులతో, తాబేళ్ల పెంకులతో పోల్చి చూశాడు. ఈనాటికీ అసలు పరీక్ష అదే. నిజమైన పెంకులో సున్నపు స్ఫటికాలు లోపలి వైపు నుంచి బయటికి, పక్కపక్కన నిలబెట్టిన స్తంభాల్లా పెరిగి ఉంటాయి. వాటి మధ్య సన్నటి రంధ్రాలుంటాయి. లోపలి పిల్ల గాలి పీల్చుకునేది వాటి గుండానే. మన కోడిగుడ్డు పెంకుకే అలాంటివి వేల రంధ్రాలుంటాయి. చాలా డైనోసార్ గుడ్ల పెంకు మీద చిన్న బొడిపెలో, గీతలో కూడా ఉంటాయి. మోకీ మార్బుల్ ఇనుప పొరలో ఈ అమరిక ఉండదు. పొర ఉంటే చాలదు, పొరకు గుడ్డు కట్టిన పద్ధతి ఉండాలి.

ఇక అమెరికా వాళ్ల కథకు వద్దాం. 1923లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ తరఫున రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ ఒక బృందాన్ని మంగోలియాలోని గోబీ ఎడారికి తీసుకెళ్లాడు. జులై 13న జార్జ్ ఓల్సెన్ అనే సభ్యుడు వచ్చి, గుడ్లు దొరికాయని చెప్పాడు. మిగతావాళ్లు నమ్మలేదు. రాతి ఉండలే అయ్యుంటాయని అనుకుంటూనే చూడడానికి వెళ్లారు. వెళ్లి చూస్తే పగిలిన పెంకు ముక్కలు కళ్లెదుట కనబడ్డాయి. ముందు అనుమానించి, తర్వాత పెంకు చూసి ఒప్పుకున్నారు. నేను చేయాల్సిన పని వాళ్లు చేశారు.

అయితే వాళ్లూ ఒకచోట జారారు. ఆ చుట్టుపక్కల ప్రొటోసెరటాప్స్ అనే డైనోసార్ ఎముకలు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి గుడ్లు దానివే అనుకున్నారు. గుడ్ల మీద ఇంకో చిన్న డైనోసార్ ఎముకలు దొరికాయి. దొంగతనానికి వచ్చి చచ్చిందనుకున్నారు. 1924లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బర్న్ దానికి ఓవిరాప్టర్ అని పేరు పెట్టాడు. గుడ్ల దొంగ అని అర్థం. ఆ పేరు మనల్ని తప్పుదారి పట్టించవచ్చని ఆస్బర్నే ఒక హెచ్చరిక కూడా రాశాడు. 1993లో అదే మ్యూజియం వాళ్లు గోబీలో అలాంటి గుడ్డులోనే పుట్టని పిల్ల ఎముకలు చూశారు. ఆ పిల్ల ఓవిరాప్టర్ కుటుంబానిదే! దొంగ అనుకున్నది తల్లో, తండ్రో అయ్యుండాలి. తర్వాత అదే కుటుంబానికి చెందిన డైనోసార్ గూటి మీద, పొదిగే కోడిలా చేతులు చాపి కూర్చున్న శిలాజం కూడా బయటపడింది. సుమారు 70 ఏళ్లు ఆ ప్రాణి మీద నింద ఉండిపోయింది. పేరు ఇప్పటికీ మారలేదు.

ఈ భాగం చదివిన రోజు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. తప్పు చీటీ రాసినవాళ్లలో నేను మొదటిదాన్ని కాదని ఊరట కలిగింది. కానీ వాళ్లు తిరిగి వెళ్లి సరిదిద్దారు. నేనింకా సరిదిద్దలేదు. మావారు, "ఎందుకే ఇంత కోడిగుడ్డు మీద ఈకలు పీకడం? పిల్లవాడు సంతోషంగా ఉన్నాడుగా, వదిలెయ్" అన్నారు. కోడిగుడ్డు మీద ఈకలు ఉండవు కదా. లేని తప్పులు వెతికేవాళ్లను మనవాళ్లు అలా అంటారు. కానీ ఇక్కడ వెతుకుతున్నది నా తప్పునే, అది ఉన్నదే.

ఈ చరిత్రలో నాకు అందరికంటే నచ్చిన మనిషి మా కొలరాడోలోనే పని చేశాడు. పేరు కార్ల్ హిర్ష్. ఆయన ఈ శాస్త్రం కాలేజీలో చదువుకున్నవాడు కాదు. సొంతంగా నేర్చుకున్నాడు. గుడ్డు పెంకులు పోగుచేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి చూసి, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా సలహా అడిగేంతవాడయ్యాడు. ఆయన పోగుచేసిన పెంకులు బౌల్డర్‌లో, యూనివర్సిటీ ఆఫ్ కొలరాడో మ్యూజియంలో ఉన్నాయి. పెద్దయ్యాక సొంతంగా నేర్చుకుంటున్న మనలాంటివాళ్లకు ఆయన పేరు తెలిసి ఉండాలి.

ఆయన చేసిన పనుల్లో ఒకటి చెబుతాను. టెక్సస్‌లోని ఎర్రమట్టి రాళ్లలో గుడ్డు ఆకారంలో ఒక శిలాజం దొరికింది. దాదాపు కోడిగుడ్డంత. ఆ రాళ్ల వయసు సుమారు 28 కోట్ల ఏళ్లు, అంటే డైనోసార్లు పుట్టకముందు. 1939లో ఆల్ఫ్రెడ్ రోమర్, ల్యూవెలిన్ ప్రైస్ అనే ఇద్దరు దాని మీద ఒక వ్యాసం రాశారు. వెన్నెముక ఉన్న ప్రాణుల గుడ్లలో అతి ప్రాచీనమైనది ఇదే అని ఆ వ్యాసం పేరు. రోమర్ హార్వర్డ్ ప్రొఫెసర్, ఆ రంగంలో మహా పెద్దమనిషి. నలభై ఏళ్లు ఆ మాట చెల్లింది.

1979లో హిర్ష్ అదే రాయిని తీసుకుని పెంకు కోసం వెతికాడు. మైక్రోస్కోప్‌తో చూశాడు, రసాయన పరీక్షలు చేశాడు. పక్షి పెంకులో, మొసలి పెంకులో కనిపించే స్ఫటికాల అమరిక అందులో కనబడలేదు. తోలులాంటి మెత్తటి పెంకున్న గుడ్డు అయితే అయ్యుండవచ్చు, కాకపోనూవచ్చు. ఆయన కూడా ఒక వ్యాసం రాశాడు. దానికి పాత వ్యాసం పేరే పెట్టాడు. ఒక్క తేడా, చివర ఒక ప్రశ్న గుర్తు చేర్చాడు.

అంతే. పెద్దమనిషిని తిట్టలేదు, ఎగతాళి చేయలేదు. గుడ్డు కాదని కూడా అనలేదు. ఉన్న ఆధారం ఎంతవరకు తీసుకెళ్తుందో అంతవరకే వెళ్లి, అక్కడొక గుర్తు పెట్టి ఆగాడు.

రాళ్ల కొట్ల మీద మీకు చెడు అభిప్రాయం రాకూడదు కాబట్టి ఇంకో కథ. మోంటానాలో బైనమ్ అనే చిన్న ఊళ్లో మేరియన్ బ్రాండ్‌వోల్డ్ అనే ఆవిడ రాళ్ల కొట్టు నడిపేది. 1978లో జాక్ హార్నర్, బాబ్ మకేలా అనే ఇద్దరు ఆ కొట్టుకు వచ్చారు. ఆవిడ తను ఏరి తెచ్చిన చిన్న చిన్న ఎముకలు చూపించింది. అవి డైనోసార్ పిల్లల ఎముకలు! అవి దొరికిన చోట తవ్వితే పిల్లలున్న గూడు బయటపడింది. 1979లో ఆ డైనోసార్‌కు మాయసౌరా అని పేరు పెట్టారు. మంచి తల్లి అని అర్థం. దగ్గర్లోనే గుడ్లున్న గూళ్లు దొరికిన గుట్టకు ఎగ్ మౌంటెన్ అని పేరు వచ్చింది. ఆవిడ ఏ వస్తువు ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టుకుంది కాబట్టే ఇదంతా జరిగింది. ఎక్కడిదో తెలియని రాయి సగం మూగది.

ఇప్పుడు మన దేశం వైపు, నర్మద దగ్గరికి వెళ్దాం. బాణలింగాలు దొరికే ఆ నర్మదా లోయలోనే డైనోసార్ గుడ్లు కూడా బోలెడున్నాయి. 2023 జనవరిలో మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు గుర్తించినట్టు ప్లోస్ వన్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసినవాళ్లలో ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గుంటుపల్లి వి. ఆర్. ప్రసాద్ ఒకరు. ఆ గుడ్లు టైటనోసార్లవి. ఆ ప్రాణులు ఎంతో పెద్దవి, గుడ్లు మాత్రం సుమారు 15 నుంచి 17 సెంటీమీటర్లే. ఇక్కడ ఇంకో గుర్తు తెలుస్తుంది. ఒక గూటి గుడ్లు దాదాపు ఒకే సైజులో, గుంపుగా ఉంటాయి. రాతి ఉండలు ఒకటి నిమ్మకాయంత, పక్కది గుమ్మడికాయంత ఉంటాయి.

అదే ఏడు డిసెంబరులో ఆ జిల్లాలోని పాడ్ల్యా అనే ఊరి గురించి ఒక వార్త వచ్చింది. అక్కడి రైతులకు పొలం దున్నుతుంటే గుండ్రటి రాళ్లు దొరికేవి. కాకర్ భైరవ్ అని పేరు పెట్టి, పొలాన్నీ పశువులనూ కాపాడే దేవుడిగా కొబ్బరికాయలు కొట్టి కొలిచేవారు. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రవేత్తలు చూసి అవి డైనోసార్ గుడ్లని చెప్పారు.

చాలామంది ఈ వార్త చదివి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మన గుళ్లలో సాలగ్రామం ఉంటుంది. నేపాల్‌లో గండకీ నది దగ్గర దొరుకుతుంది. అది నిజానికి రాతి ఉండే. లోపల చక్రంలా కనబడేది అమ్మొనైట్ అనే పాత సముద్ర ప్రాణి గుర్తు. ఆ సంగతి తెలిశాక నేను దండం పెట్టడం మానలేదు. అది ఏమిటన్నది ఒక ప్రశ్న. మనకు ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. పాడ్ల్యా రైతులు రెండో ప్రశ్నకు జవాబు చెప్పుకున్నారు, శాస్త్రవేత్తలు మొదటిదానికి చెప్పారు.

దీనికి పూర్తిగా తిరగబడిన కథ తమిళనాడులో జరిగింది. 2020 అక్టోబరులో పెరంబలూరు జిల్లా కున్నం గ్రామంలో చెరువు పూడిక తీస్తుంటే పెద్ద పెద్ద గుండ్రటి రాళ్లు బయటపడ్డాయి. డైనోసార్ గుడ్లని ఫోన్లలో ఫొటోలు దేశమంతా తిరిగాయి. భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు వెళ్లి చూసి, కాదు, అవి అమ్మొనైట్ల చుట్టూ పేరుకున్న ఉండలని చెప్పారు. ఆ ప్రాంతం ఒకప్పుడు సముద్రం. ఒక ఊళ్లో దేవుడనుకున్నది గుడ్డయింది, ఇంకో ఊళ్లో గుడ్డనుకున్నది రాయి అయింది. రెండు చోట్లా ఆకారం గుండ్రమే.

మీకెప్పుడైనా అలాంటి రాయి కనబడితే ఏం చేయాలో కూడా చెప్పాలి. పగలగొట్టకండి. చోటు గుర్తు పెట్టుకోండి, ఫొటో తీయండి, దగ్గర్లోని మ్యూజియం వాళ్లకో, యూనివర్సిటీ జియాలజీ విభాగానికో చూపించండి. అమెరికాలో ప్రభుత్వ భూముల్లో వెన్నెముక ఉన్న ప్రాణుల శిలాజాలను అనుమతి లేకుండా తీసుకోకూడదు. దానికి 2009లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. గుడ్లూ అందులోకే వస్తాయి. వెనిగర్ చుక్క వేసి పొంగితే గుడ్డేనని కొందరు చెబుతారు. నమ్మకండి. సున్నపురాయి ఏదైనా పొంగుతుంది.

ఉగాది నాడు ఆ పిల్లవాణ్ని, వాళ్ల అమ్మను గుడి వంటింటికి రమ్మన్నాను. రాయి కూడా తెమ్మన్నాను. గుడిలో కోడిగుడ్డు చూపించలేను కదా. అందుకని ఒక పళ్లెంలో పూర్ణం బూరె, ఇంకో పళ్లెంలో మరమరాల ఉండ పెట్టాను. "రెండూ గుండ్రంగానే ఉన్నాయి. సగానికి చెయ్యి, ఏం తేడా ఉందో చెప్పు" అన్నాను.

వాడు రెండూ విరిచాడు. "బూరెకు పైన ఒక తొడుగు ఉంది. లోపల వేరేది ఉంది. ఉండకు పైనా లోపలా ఒకటే" అన్నాడు.

"గుడ్డు ఈ రెంటిలో దేనిలా ఉండాలి?"

"బూరెలా."

భూతద్దం చేతికిచ్చాను. భూతద్దం అంటే చిన్నదాన్ని పెద్దగా చూపించే అద్దం. వాడి రాయికి ఒక చోట చిన్న పెచ్చు ఊడి ఉంది. దసరాకు కూడా ఉంది, నేనే చూడలేదు. వాడు చాలాసేపు చూశాడు. పెచ్చు ఊడిన చోటా, పైనా ఒకే ఇసుక రేణువులు. తొడుగు లేదు, రంధ్రాలు లేవు, బొడిపెలు లేవు.

"ఆంటీ, ఇది ఉండ" అన్నాడు.

"అవును. దసరాకు నేను సరిగ్గా చూడకుండా గుడ్డని చెప్పాను. తప్పు నాదే. తాతయ్యది కాదు. ఆయనకు కొట్టువాడు చెప్పాడు, నమ్మారు."

వాళ్ల అమ్మ కళ్లు తుడుచుకుంది. వాడు మాత్రం రాయిని ఒళ్లో పెట్టుకుని మిగతా బూరె తిన్నాడు. కాసేపటికి, "లోపల ఏముంటుంది? ఆకు ఉంటుందా, గవ్వ ఉంటుందా?" అని అడిగాడు. ఉండవచ్చు, ఏమీ లేకపోవచ్చు, పగలగొడితే గానీ తెలియదన్నాను. పగలగొట్టనన్నాడు.

పాత చీటీ నా సంచీలోనే ఉంది. వచ్చే దసరాకు కొత్తది కావాలి కదా అన్నాను. ఈసారి తానే రాస్తానన్నాడు. నేను తెల్ల కాగితం, పెన్ను ఇచ్చాను. 'థ'కు, 'ధ'కు తేడా నన్ను అడిగాడు గానీ, ఈ చీటీకి ఆ రెండూ అక్కర్లేదు. మెల్లగా, నాలుక బయటపెట్టి రాశాడు:

'రాతి ఉండ. మా తాతయ్య ఇచ్చారు. లోపల ఏముంది?'

చివరి గుర్తు తెలుగులో ఎలా వేయాలని అడిగాడు. అదే గుర్తు, తెలుగులోనూ మనం వేసేది అదే అన్నాను.